ఓస్లోలో ఏడు రోజులు

మృదుల ఓస్లో ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ ఊరి రైల్వే స్టేషన్లోంచి బయటికొచ్చి సముద్రం వైపు నడిస్తే ఎన్ని నిమిషాల్లో ఒపేరా హౌస్ వస్తుందో ఆమెకు తెలుసు. ఆ భవనం కప్పు మీదికి టికెట్ లేకుండా ఎవరైనా నడిచి ఎక్కవచ్చని తెలుసు. వాన పడితే ఆ తెల్లరాయి జారుతుందని, బూట్లు చూసి వేసుకోవాలని తెలుసు. కోట గోడ మీద ఎక్కడ కూర్చుంటే రేవంతా కనిపిస్తుందో తెలుసు. వైకింగ్ ఓడల మ్యూజియం మరమ్మతుల కోసం మూసేశారని, పాత గైడు పుస్తకాలు నమ్ముకుని వెళ్తే తాళం చూసి తిరిగి రావాల్సిందేనని తెలుసు. పెరుగూ, పచ్చిమిరపకాయలూ, కరివేపాకూ ఏ పేటలో దొరుకుతాయో కూడా తెలుసు.

ఇదంతా ఆమె అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో తన వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేర్చుకుంది. పప్పు కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ వచ్చేలోపు కొంత, అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కొంత, తను వారానికి మూడు రోజులు పనిచేసే లైబ్రరీలో రద్దీ లేనప్పుడు ఇంకొంత.

మార్చిలో ఒకరోజు భర్త శ్రీహర్ష ఆఫీస్ నుంచి వస్తూనే, జూన్‌లో ఓస్లోలో కాన్ఫరెన్స్ ఉందని, మూడు రోజులు తన పని, ఇంకో నాలుగు రోజులు కలిపితే ఫ్యామిలీ ట్రిప్ అయిపోతుందని, టికెట్లు తను చూసుకుంటానని, ఎక్కడెక్కడ తిరగాలో ప్లాన్ చెయ్యమని చెప్పాడు. ఆ ఇంట్లో ప్రయాణాల ప్లాను మృదుల పని, ఉతికిన బట్టలు మడతపెట్టడం ఆమె పని అయినట్టే. ఎల్లోస్టోన్‌కీ ఆమే చేసింది, ఒర్లాండోకీ ఆమే చేసింది. ఒర్లాండోలో అందరూ రైడ్ ఎక్కి దిగేదాకా సంచులు పట్టుకుని కింద నిలబడిందీ ఆమే. నయాగరాలో అత్తగారికి చలేస్తోందంటే కార్‌లో హీటర్ వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు. జలపాతం చప్పుడు మాత్రం బాగా వినిపించింది. అప్పుడు ఆమెకేమీ అనిపించలేదు. అమ్మలంటే అంతే అనుకుంది.

ఈసారి అలా అనుకోలేకపోయింది. కారణం ఒక బొమ్మ.

ఓస్లోలో విగెలాండ్ పార్కని ఒకటుంది. ఒకే శిల్పి చెక్కిన రెండు వందలకు పైగా మనుషుల విగ్రహాలు అక్కడ ఆరుబయట నిలబడి ఉంటాయి. లైబ్రరీలో తీసిన పుస్తకంలో వాటి ఫొటోలు తిప్పుతుంటే ఒకచోట మృదుల చెయ్యి ఆగిపోయింది. గ్రానైట్ రాతిలో ఒకావిడ మోకాళ్ల మీదా చేతుల మీదా వంగి ఉంది. వీపు మీద ఇద్దరు పిల్లలు గుర్రం ఎక్కినట్టు ఎక్కారు. ఆవిడ జడనే ఆవిడ నోట్లో పెట్టి కళ్లెంలా పట్టుకున్నారు. ఆవిడ మొహంలో ఏడుపు లేదు, నవ్వూ లేదు. మృదుల పుస్తకం మూసింది. మళ్లీ తీసింది. పందొమ్మిదేళ్ల అమెరికా కాపురంలో, ఫలానాది నేను చూడాలి అని ఆమెకు తనకోసం అనిపించడం అదే మొదలు. ఆ రాతి చుట్టూ ఒకసారి తిరగాలి. ఆవిడ మొహం ఎదురుగా నిలబడాలి. అంతే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంటుంది? ప్లానులో మాత్రం మిగతా అన్నిటికీ గంటా గంటన్నర ఇచ్చి, ఆ పార్కుకి ఒక పూటంతా ఇచ్చింది. పక్కనే "తొందర పెట్టొద్దు" అని రాసుకుంది.

అత్తగారు లీలావతి వాకర్ ఊతంతో వచ్చి భుజం మీదుగా ఆ ఫొటోలు చూసి, "ఇంత చలిదేశంలో వాళ్లని గుడ్డ ముక్క లేకుండా నిలబెట్టారేమే పాపం, ఈ ఊళ్లో దర్జీలు లేరా?" అంది. మృదుల నవ్వింది. నాలుగేళ్లుగా వాళ్లతోనే ఉంటున్న ఆవిడకి డెబ్బయ్యారు. ఫిబ్రవరిలో బాత్రూమ్‌లో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక నడుస్తోంది గాని, స్నానానికీ దొడ్డికీ ఇంకా మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి మృదుల.

వారం రోజులు ఆవిణ్ణి ఎవరు చూస్తారన్నది మృదుల మొదటి రోజే శ్రీహర్షని అడిగింది. ఇంటికొచ్చి చూసుకునే ఏజెన్సీ వివరాలు కూడా తెచ్చింది. అతను "చూద్దాం" అన్నాడు. తర్వాత పది రోజులకి, కాఫీ తాగుతూ, "దేదీప్య కూడా వస్తోంది" అన్నాడు. దేదీప్య అతని చెల్లెలు, విమానంలో రావాల్సినంత దూరంలో కాపెల్‌లో ఉంటుంది. కూతురొచ్చి వారం రోజులు తల్లి దగ్గర ఉంటుందంటే అంతకన్నా కావలసిందేముంది? మృదుల గుండెల మీంచి బరువు దిగిపోయింది. ఆ రోజే దేదీప్య కోసం అలమరలో దుప్పట్లు సర్దింది. అత్తగారి మందుల వేళలు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. మళ్లీ ప్లాను ముందు కూర్చుంది.

ప్రయాణానికి నెల ముందు, ఒక ఆదివారం.

ఆదివారాలు లైబ్రరీ వెనక గదిలో మృదుల పిల్లలకు తెలుగు చెబుతుంది. ఎనిమిదేళ్లుగా చెబుతోంది. ఏటా ఒక పాఠం దగ్గర పిల్లలందరూ తప్పకుండా తూలి పడతారు. మనం, మేము. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే మాట. వినేవాళ్లని కూడా కలుపుకుంటే మనం, వినేవాళ్లు అందులో లేకపోతే మేము అని ఎన్నిసార్లు చెప్పినా, ఇంటికి ఫోన్ చేసి "ఆంటీ, మనం ఫ్రైడే డిన్నర్‌కి వెళ్తున్నాం, మీరు రావద్దు" అంటారు. ఆమె సొంత కూతురు రిషితకే పద్నాలుగేళ్లొచ్చినా అది పట్టుబడలేదు. చిన్నపిల్లల దగ్గర కూర్చుని కాగితాలు పంచిపెట్టి సాయం చేస్తుంది గాని, నోరు తెరిస్తే తప్పే.

ఆరోజు సెలవుల గురించి తలా ఒక వాక్యం చెప్పమంది. అవని అనే పిల్ల లేచి, "టీచర్, మనం సమ్మర్‌లో హైదరాబాద్ వెళ్తున్నాం" అంది. నన్నూ తీసుకెళ్తావా అయితే, నా సూట్‌కేస్ సర్దుకోనా అని మృదుల అడిగింది. పిల్లలంతా నవ్వారు. అవని నాలుక కరుచుకుని మేము అని దిద్దుకుంది. తర్వాత రిషిత వంతు వచ్చింది. రిషిత కాగితాలు సర్దుతూ, తల ఎత్తకుండా, "మేము జూన్‌లో ఓస్లో వెళ్తున్నాం" అంది.

మృదుల పిల్లల వైపు తిరిగి, చూశారా, అక్క కూడా తప్పు చెప్పింది, నేను కూడా వెళ్తున్నాను కాబట్టి అక్క నాతో ఏమనాలి అని అడిగింది. మనం, మనం అని పిల్లలు అరిచారు.

రిషిత చేతిలో కాగితాలు ఆగాయి. తల్లి వైపు చూసి, మళ్లీ కిందికి చూసింది.

"మేము కరెక్టే, అమ్మా," అంది మెల్లిగా.

పిల్లలకేమీ అర్థం కాలేదు. మృదులకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఎనిమిదేళ్లుగా తను పాఠం చెబుతున్న మాటే వచ్చి తన నెత్తిన పడింది. బోర్డు మీద రాయబోతూ ఎత్తిన చెయ్యి దించి, ఇంకో వాక్యం ఎవరు చెబుతారని అడిగింది. క్లాసు ఇంకో ఇరవై నిమిషాలు నడిచింది. ఏం చెప్పిందో ఆమెకి గుర్తులేదు.

కార్‌లో రిషిత తనంతట తనే చెప్పింది. తను టికెట్లు చూసింది. నాలుగే ఉన్నాయి. డాడీది, తనది, అత్తది, అత్త కూతురు అదితిది. అత్త ఇక్కడికి రావడం లేదు, వాళ్లతో ఓస్లో వస్తోంది.

"డాడీ చెప్తాను అన్నాడు. నేను చెప్పకూడదు అన్నాడు. నువ్వు నా మీద మ్యాడ్ అవ్వకు అమ్మా. నేను అబద్ధం చెప్పలేదు కదా, గ్రామర్ కరెక్ట్‌గా చెప్పాను."

మృదుల లేదమ్మా అంది. ఇంటిదాకా రెండు సిగ్నళ్లు ఉన్నాయి. రెండో దాని దగ్గర వెనక కారువాడు హారన్ కొట్టేదాకా పచ్చలైటు వచ్చిందని ఆమె చూడలేదు.

శ్రీహర్ష గరాజ్‌లో సైకిల్‌కి గాలి కొడుతున్నాడు. మృదుల ఎప్పుడు చెబుదామనుకున్నారని అడిగింది. అతను దేని గురించి అని అడగలేదు. ఈ వారంలో చెబుదామనే అనుకుంటున్నానని, నువ్విలా రియాక్ట్ అవుతావనే ఆగానని అన్నాడు.

"నేనింకా రియాక్ట్ కాలేదండీ. అడుగుతున్నా."

అమ్మని ముక్కూ మొహం తెలియని ఏజెన్సీ మనిషికి వదిలేసి ఎలా వెళ్తామన్నాడు. దేదీప్య ఉండొచ్చు కదా, తనకీ అమ్మే కదా అని మృదుల అంది. దేదీప్య వెకేషన్ తీసుకుని ఆరేళ్లయిందట. పాపం ఉద్యోగంతో నలిగిపోతోందట. నువ్వైతే ఎలాగూ ఇంట్లోనే కదా అనబోయి, ఆమె మొహం చూసి ఆ మాట సగంలో మింగాడు. పంపు పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"అయినా నీకు తిరగడం పెద్దగా పడదు కదా మృదులా. ఎక్కడికెళ్లినా ఓ మూల కూర్చుంటావు. నీకు ప్లానింగ్ అంటేనే సరదా. చూడు, ఎంత బాగా చేశావో. ట్రావెల్ కంపెనీవాళ్లు కూడా ఇలా చెయ్యలేరు."

అతను దెప్పుతున్నాడేమోనని మృదుల అతని కళ్లలోకి చూసింది. లేదు. నిజంగానే అంటున్నాడు. ఒర్లాండోలో సంచులు, నయాగరాలో హీటర్, అన్నీ ఆమె సరదాల లెక్కలోనే చేరిపోయాయి. దెప్పితే బదులు చెప్పేది. నమ్మినవాడికి ఏం చెబుతుంది? ఆ డాక్యుమెంట్ దేదీప్యకి కూడా షేర్ చెయ్యమని చెప్పి, అతను మళ్లీ పంపు అందుకున్నాడు.

దేదీప్యకి ఫోన్ చేసింది. దేదీప్య నొచ్చుకుంది. నీకు తెలుసనే అనుకున్నాను వదినా, తిరగడం నీకు పడదని అన్నయ్య ఎప్పుడూ అంటాడు కదా అంది. కావాలంటే నేను మానేస్తాను అని కూడా అంది. కానీ ఆ మాట వెనకే అదితి ఎంత ఆశపడుతోందో, తన లీవ్ ఎంత కష్టం మీద దొరికిందో పది నిమిషాలు చెప్పింది. చివరికి, "నేనుండి మాత్రం ఏం లాభం వదినా? అమ్మే అంది, నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి వద్దని" అంది.

మర్నాడు పొద్దున అత్తగారికి స్నానం చేయిస్తూ మృదుల ఆ మాట అడిగింది. బాత్రూమ్ కుర్చీలో కూర్చున్న లీలావతి తడబడలేదు.

"నేనే అన్నా. దేదీప్య నా కడుపున పుట్టిందే. కానీ ఆసుపత్రిలో నన్ను తుడవాల్సొస్తే అది మొహం పక్కకి తిప్పుకుంది. నా పిల్ల ముందు రెండోసారి ఆ సిగ్గు పడలేను. నీ దగ్గరైతే నాకు సిగ్గుండదు."

మృదుల చెయ్యి ఆగకుండా వీపు రుద్దుతూనే ఉంది. ఇది మెచ్చుకోలో ఏమిటో ఆమెకి తెలియలేదు. తను అంత దగ్గరిదనా ఆవిడకి సిగ్గు లేనిది? లేక కుర్చీ ముందు, గోడ ముందు సిగ్గుపడనట్టా? వేళ్లతో నీళ్ల వేడి చూసి, ఆవిడ భుజాల మీద పోసింది. అప్పుడంది, తను ఎవరికీ చెప్పని మాట.

"నాకూ చూడాలని ఉంది అత్తయ్యా."

"ఏముందే అక్కడ, బట్టల్లేని బొమ్మలు," అంది లీలావతి. మొహం మీది నీళ్లు చేత్తో తుడుచుకుని, "ఆ టవలు ఇటివ్వు" అంది.

మృదుల టవలిచ్చింది. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ఓస్లో గురించి ఆమె మాట్లాడలేదు. మిగతావాళ్లు మాట్లాడుతుంటే విన్నది. దేదీప్య ఫోన్‌లో ఏ కోటు తెచ్చుకోవాలని అడిగితే చెప్పింది. ఇంకో టికెట్ తనే కొనుక్కోగలదు, లైబ్రరీ జీతంలో దాచుకున్నది ఉంది. రెండు రాత్రులు ఆ లెక్క కూడా వేసుకుంది. కానీ కొనుక్కుని వెళ్తే అక్కడ నలుగురి మొహాల్లో కనిపించేది ఏమిటో ఆమెకి ఇక్కడి నుంచే కనిపించింది. తను వెళ్లాక ఇంట్లో బాత్రూమ్ గుమ్మం దగ్గర అత్తగారు ముక్కూ మొహం తెలియని మనిషి ముందు చీర పట్టుకుని నిలబడటమూ కనిపించింది. కాళ్లకి ఎవరూ సంకెళ్లు వెయ్యలేదు. ఎవరైనా వేసి ఉంటే తెంచుకోవడానికైనా ఏదో ఒకటి ఉండేది.

ప్లాను అందరికీ పంపే ముందు ఒక్క లైను, ఆ పార్కుది, చెరిపేసింది. పూట ఖాళీ పడిన చోట "షాపింగ్" అని రాసింది. అంతకు మించి పగ తీర్చుకోవడం ఆమెకి చేతకాలేదు. ఆ లైను లేదని ఎవరూ గమనించలేదు కూడా. పులిహోర పొడి, పచ్చడి సీసాలు, గొడుగులు సూట్‌కేసుల్లో సర్ది, ఎయిర్‌పోర్ట్‌కి తనే డ్రైవ్ చేసి దింపి వచ్చింది.

వాళ్లు వెళ్లిన మూడోరోజు. ప్లెయిన్స్‌బరోలో పొద్దున ఎనిమిది, అక్కడ మధ్యాహ్నం రెండు. మృదుల అట్టు తిరగేస్తుండగా ఫోన్ మోగింది. శ్రీహర్ష. వీడియో అంతా గాలి, నీళ్లు, ఊగే చెయ్యి. కాన్ఫరెన్స్ భోజనాల విరామం నుంచి జారుకుని వచ్చాడట, మళ్లీ వెళ్లాలట. ధ్రువాలకి వెళ్లొచ్చిన ఓడ ఉంటుందే, ఆ మ్యూజియం, దానికి బోట్ ఎక్కడ ఎక్కాలని అడిగాడు. దేదీప్య ఆ కాగితం హోటల్‌లో వదిలేసిందట, ఫోన్‌లో డాక్యుమెంట్ తెరుచుకోవడం లేదట. ఇక్కడ మూడు నాలుగు రేవులున్నాయి, జూన్ అయినా చలి, పిల్లలు వణుకుతున్నారు, త్వరగా చెప్పమన్నాడు.

సిటీ హాల్ వెనక. మూడో రేవు. బోట్ మొదట ఆగిన చోట దిగకూడదు, రెండో చోట దిగాలి. దిగిన ఎదురుగానే, మూడు కోణాల కప్పున్న భవనం. మృదుల నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అతని భుజం వెనకే ఆ రేవు నంబరు పలక సగం కనిపిస్తోంది కూడా.

"నాకేం తెలుసండీ. నేనెప్పుడైనా చూశానా?" అంది.

అతను వినిపించలేదనుకుని మళ్లీ అడిగాడు.

"అక్కడ ఎవరినైనా అడగండి. ఆ ఊళ్లో ఉన్నది మీరు."

ఫోన్ పెట్టేసింది. అట్టు మాడింది. దాన్ని చెత్తలో వేసి, ఇంకో అట్టు పోసి, కాలేదాకా పెనం దగ్గర నిలబడింది. ఎన్నాళ్ల తర్వాతో ఒళ్లు తేలిగ్గా అనిపించింది. లోపలి నుంచి అత్తగారు పిలిచింది. వెళ్లి చంకల కింద చేతులు వేసి లేపి, బాత్రూమ్‌కి తీసుకెళ్లింది. ఎవరు ఫోన్ అని అడిగింది లీలావతి. మీ అబ్బాయే, రేవు దగ్గర చలిలో నిలబడి దారి అడిగారంది. చెప్పావా అంటే లేదంది. లీలావతి ఆమె మొహంలోకి చూసింది. కడ్డీ పట్టుకుని కూర్చుంది.

"పిల్ల చలికి తట్టుకోలేదే," అంది.

మృదుల తలుపు బయట గోడకి ఆనుకుని నిలబడింది. ఫోన్ టింగుమంది. శ్రీహర్ష కాదు, రిషిత. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. అమ్మా ప్లీజ్, డాడీ అందరి మీదా అరుస్తున్నాడు, అత్త ఏడుస్తోంది, నాకు చేతులు ఫ్రీజ్ అవుతున్నాయి, ఏ బోట్?

మృదుల దాన్ని రెండుసార్లు చదివింది. ఫోన్ మీద టైము చూసింది. తను శ్రీహర్ష ఫోన్ పెట్టేసి పదకొండు నిమిషాలయింది.

సిటీ హాల్ వెనక మూడో రేవు, అని టైప్ చేసింది. మొదటి స్టాప్ దిగొద్దు, రెండోది దిగండి. లోపల హీటింగ్ ఉంటుంది. టోపీ పెట్టుకో. నీ బ్యాగ్ ముందు జేబులో గ్లోవ్స్ పెట్టాను.

జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది.